పదహారు పేర్ల రాయి

మీరు పదహారు మంది. మీ పేర్లు నేనిక్కడ రాయను. రాయాల్సిన పని లేదు, మీరే రాతి మీద చెక్కించుకుని బంగారు రంగు పూయించుకున్నారు. మా మామయ్య నడుం విరిచింది ఆ పేర్లే. వేగం కాదు, గాలి కాదు, రోడ్డు కాదు, మా పిన్ని చేతిపని అసలే కాదు. మీ పేర్ల బరువు. ఆ రాయి ఇవాళ కూడా ట్రస్టు ఆఫీసు గుమ్మం పక్కన నిటారుగా నిలబడి ఉంది. మూల కూడా చెదరలేదు. మామయ్య మాత్రం నూట నాలుగు రోజులుగా లేచి నిలబడలేదు.

మొదటి నుంచీ చెబుతాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

నేను మీ ట్రస్టు బండ్ల షెడ్డులో టైర్ల పని చేస్తాను. మా పిన్ని అక్కడే మెకానిక్. ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ తమ్ముడు, మా మామయ్య, అక్కడే డ్రైవరు. ఆయన్ని షెడ్డులో అందరూ "నిదానం" అంటారు. ఖాళీ రోడ్డు మీద కూడా నలభై దాటడు. నిదానం బండి ఎక్కేవాళ్లు రెండు పూటలకీ భోజనం కట్టుకోవాలని వెక్కిరిస్తారు. ఆయన నవ్వేవాడు. "కట్టుకున్న భోజనం మీరే తింటారుగా, మీ ఇంట్లోవాళ్లు మీ పేరు చెప్పి పంచిపెట్టే పని లేదుగా" అనేవాడు.

క్వారీలు మీవి. క్వారీ కింద కాలనీలూ మీవే. ఆ దుమ్ము పీల్చి దగ్గేవాళ్ల ఊపిరితిత్తులు మాత్రం వాళ్లవి. వాటిని ఫోటో తీసి చూడటానికి ఒక డబ్బా ట్రైలరు చేయించారు. నాలుగు గోడలూ, పైకప్పూ, వెనక రెండు రెక్కల తలుపూ ఉన్న చక్రాల గది అది. లోపల ఎక్స్‌రే మిషను, జనరేటరు, సీసపు తెర. దాన్ని లాగడానికి ఒక పికప్ ట్రక్కు. ఆ ట్రక్కుని ట్రైలరుకి సిద్ధం చేసే పని మా పిన్నికి వచ్చింది.

మూడు రోజులు చేసింది. బంపరుకి హుక్కు తగిలించి పంపేసే పని కాదది. ట్రక్కు కింద పడుకుని చాసిస్ దూలాలకి కొత్త పట్టీ బిగించింది. ఒక్కో బోల్టూ బిగించి, ట్రక్కుని నాలుగు వీధులు తిప్పించి, వచ్చాక మళ్లీ బిగించింది. ట్రైలరు ముక్కు కింద ఇనప కప్పు ఉంటుంది, అది ట్రక్కు వెనకున్న ఇనప బంతి మీద కూర్చోవాలి. షెడ్డులో ఉన్న బంతి కప్పులో కొంచెం వదులుగా ఆడింది. షెడ్డు ఇంచార్జి వచ్చి చూసి, "కూర్చుంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు.

"కూర్చుంది సార్. లేచి కూడా వెళ్లిపోతుంది" అంది పిన్ని. సరైన సైజు బంతి వచ్చేదాకా పానా ముట్టుకోలేదు.

ట్రైలరు బ్రేకులకి వైరు లాగి, మామయ్య కుడిచేతికి అందేలా మీట పెట్టింది. గొలుసులు రెండూ ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీదొకటి వేసింది. కప్పు ఊడినా ముక్కు రోడ్డు మీద పొడుచుకోకుండా ఆ గొలుసుల ఊయల్లో పడాలి. ట్రైలరు వెడల్పుకి పాత అద్దాలు చాలవని పొడుగు చేతుల అద్దాలు పెట్టించింది. వెనక టైర్లలో గాలి నేనే కొట్టాను. నేను కొట్టాక ఆవిడ మళ్లీ గేజి పెట్టి చూసింది. "నా మీద నమ్మకం లేదా పిన్నీ?" అంటే, "నీ మీద ఉందే. గాలి మీద లేదు" అంది.

ఇప్పుడు అసలు సంగతి.

పిన్ని దగ్గర ఒక చీపురు కర్ర ఉంది. ఊడ్చే చీపురు ఎప్పుడో పోయింది, కర్ర మిగిలింది. దాని మీద కత్తితో గాట్లు పెట్టుకుంది. ట్రక్కు ఖాళీగా ఉన్నప్పుడు కర్రని నేల మీద నిలబెట్టి, వెనక బంపరు ఎంత ఎత్తులో ఉందో అక్కడ గాటు పెడుతుంది. ట్రైలరు తగిలించాక మళ్లీ చూస్తుంది. బంపరు ఆ గాటుకి రెండు మూడు వేళ్లు కిందకి దిగాలి. దిగిందంటే ట్రైలరు తన బరువులో పదో వంతు ట్రక్కు నడ్డి మీద పెట్టినట్టు. దిగకపోతే బరువంతా వెనక్కి పోయినట్టు. అలాంటి ట్రైలరు చిన్న గాలికి ఊగడం మొదలుపెడుతుంది. ఊగి ఊగి ముందున్న ట్రక్కుని పట్టుకుని విసిరేస్తుంది.

కర్ర సరిపోయాక పిన్ని సుద్దముక్కతో ఒక గీత గీస్తుంది. కప్పుని బంతికి బిగించే కొండి ఉంటుంది కదా, గీత సగం ఆ కొండి మీద, సగం ట్రైలరు ముక్కు మీద పడాలి. కొండి వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనబడుతుంది. ముప్ఫై ఏళ్లుగా మా షెడ్డులో ఆ గీత చూడకుండా ఏ డ్రైవరూ బండి తీయడు. కాగితాలు ఎన్ని ఉన్నా తీయడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం పని పూర్తయింది. రెండున్నర వేళ్లు దిగింది. పిన్ని గీత గీసి చేతులు కడుక్కుంది. సాయంత్రం మీ రాయి వచ్చింది.

నల్లరాయి, మీ క్వారీదే. మనిషంత ఎత్తు, జానెడు మందం. పదహారు పేర్లు. ట్రైలరు ఏ కాలనీకి వెళితే ఆ కాలనీలో రాయిని దించి, పక్కన నిలబెట్టి, ఫోటో తీసి, మళ్లీ ఎక్కించుకుని రావాలట. ఎవరికి పుట్టిందో ఆ బుద్ధి. దగ్గుతో వచ్చినవాడు ముందు మీ పేర్లు చదివి తర్వాత ఊపిరి బిగబట్టాలి.

"ఎంత బరువుంటుంది సార్?" అని అడిగింది పిన్ని.

"నూట యాభై కిలోలు" అన్నాడు ఇంచార్జి.

"ఆరుగురు మోసుకొచ్చారు. ఆరుగురికీ చెమటలు పట్టాయి. నూట యాభయ్యా? కాటా మీద పెట్టిద్దాం."

"టైము లేదమ్మా."

పిన్ని దాన్ని ట్రైలరులో ముందువైపు, ఇరుసుకి కాస్త ముందుగా పడుకోబెట్టించి, బెల్టులతో కట్టించింది. కర్ర పెట్టి చూసింది. మూడు వేళ్లకి పైగా దిగింది. "ఇంతకన్నా ఒక్క గుండుసూది కూడా ఎక్కించొద్దు. ఈ రాయి దించేస్తే ఇంకా మంచిది" అంది. ఇంచార్జి నాలుగడుగులు వెనక్కి వెళ్లి, తల వంచి ట్రక్కుని చూశాడు.

"ఇదేంటమ్మా, వెనక కూలబడ్డట్టుంది? ఫోటోలో అసహ్యంగా ఉంటుంది."

"కూలబడలేదు సార్. బరువు మోస్తోంది. మోసేవాళ్లు అలాగే ఉంటారు."

ఆ మాట ఆయనకి నచ్చలేదు.

తెల్లారి పొద్దున మేం వెళ్లేసరికి రాయి వెనక తలుపు దగ్గర నిలబెట్టి ఉంది. రిబ్బను కత్తిరించి తలుపు రెక్కలు తెరవగానే ముందు పేర్లే కనబడాలని పైవాళ్లు చెప్పారట. క్వారీ నుంచి మనుషుల్ని పిలిపించి, మేం రాకముందే మార్పించేశాడు. ఇప్పుడు ట్రక్కు తిన్నగా నిలబడి ఉంది. ఇంచార్జి మురిసిపోతున్నాడు. "చూశావా, ఎంత తేలిగ్గా నిలబడిందో! నిన్న నువ్వే ఏదో తప్పుగా సర్దావు."

పిన్ని కర్ర తెచ్చి బంపరు పక్కన నిలబెట్టింది. బంపరు గాటుకి ఒక వేలు పైన ఉంది. ఖాళీ ట్రక్కు కన్నా ఎత్తుగా! ట్రైలరు ట్రక్కు నడ్డి మీద కూర్చోవడం మానేసి దాన్ని పైకెత్తుతోందన్నమాట. అక్కడున్న అంతమంది సూట్లవాళ్లకి అది తేలికగా కనబడింది. చదువుకున్న కళ్లు మరి.

పిన్ని నడుముకి దోపుకున్న గుడ్డ తీసి, సుద్దగీతని తుడిచేసింది.

"ఈ రాయి ముందుకి రావాలి. లేదా దిగిపోవాలి. అప్పటిదాకా బండి కదలదు."

ఇంచార్జి చుట్టూ చూశాడు. గొడవ పడతాడనుకున్నాను. చాలా మర్యాదగా అన్నాడు: "సరే అమ్మా, నువ్వు చెప్పినట్టే కానీ. ముందుకి జరపాలంటే మనుషులు కావాలి కదా. వెనక గోడౌనుకి వెళ్లి నలుగురిని, దొర్లించే పైపులనీ తీసుకురా. ఈలోపు రిబ్బను కానిస్తాం."

పిన్ని నమ్మి వెళ్లింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి "నువ్వు చెప్పినట్టే" అన్న మాట విన్నది కదా, కాళ్లు వాటంతట అవే నడిచాయి.

రిబ్బను అయింది. తలుపు మూశారు. మామయ్య అప్పుడొచ్చాడు, కొత్త యూనిఫారం వేసుకుని. అది ఆయనకి భుజాల దగ్గర బిగుతు. నన్ను, ఇంకో ఇద్దరిని "పనివాళ్లు కూడా ఉండాలి" అని ఫోటో వరసలోకి తోశారు. అక్కడి నుంచి చూశాను. ఇంచార్జి ట్రైలరు ముక్కు దగ్గర వంగాడు. లేచాడు. జేబురుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

చూశాను. మళ్లీ చెబుతున్నాను, చూశాను. వేళ్లకి దుమ్ము అంటుకుందేమో అనుకున్నాను. ఫోటోవాడు "ఇటు చూడండి" అంటే అటు చూశాను. మీ పదహారు మందినీ ఎంత తిడతానో అందులో నా వాటా నేను తీసుకుంటాను.

మామయ్య చుట్టూ తిరిగి వచ్చాడు, గొలుసులు చూశాడు, లైటు చూశాడు, ముక్కు దగ్గర తెల్లటి గీత చూశాడు. ఎక్కాడు. జెండా ఊపారు. పిన్ని నలుగురు మనుషులతో, రెండు పైపులతో తిరిగొచ్చేసరికి నేల మీద టైరు జాడలూ, తెగిన రిబ్బను ముక్కా ఉన్నాయి. ఆవిడ పైపు కింద పడేసి రోడ్డు దాకా పరుగెత్తింది. యాభై ఆరేళ్ల మనిషి. ఫోను చేసింది. మామయ్య బండి నడుపుతూ ఫోను ఎత్తడు. ఆ మంచి అలవాటు కూడా ఆ రోజు మాకు శత్రువే అయింది.

కొంత దూరం పోయాక వెనక ఏదో వదులుగా ఉందని ఆయనకి అనిపించిందట. పక్కకి ఆపి, పిన్ని కాల్ చూసుకోకుండా ఇంచార్జికే ఫోను చేశాడు. "బండి ఊగుతోంది సార్, తలుపు తీసి సరుకు చూస్తాను" అన్నాడు. "అక్కడ జనం ఎండలో నిలబడి ఉన్నారు, ముందు చేరుకో" అన్నాడాయన. క్వారీ దిగుడు మీద ఎదురుగా బస్సు వచ్చింది. దాని గాలి డబ్బాకి తగిలింది. ట్రైలరు ఒకసారి ఇటు, ఒకసారి అటు. మామయ్య కాలు బ్రేకు మీద పెట్టలేదు, చేత్తో ట్రైలరు బ్రేకు మీట ఒక్కటే నొక్కాడు. అక్క నేర్పిన పద్ధతే అది. అప్పటికే ఆలస్యమైంది. ట్రక్కుని ఎత్తి గోతిలో వేసింది.

ఎక్స్‌రే మిషను పగిలింది. రాయి గడ్డిలో వెల్లకిలా పడింది, పేర్లు పైకి. దాన్ని మీరు ఆ సాయంత్రమే క్రేనుతో తెప్పించుకున్నారు. మామయ్యని మాత్రం బస్సులో ఉన్నవాళ్లు సీటు పీకి దాని మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు.

తర్వాత కాగితాలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో మామయ్యకి స్పృహ వచ్చిన వారానికి ఇంచార్జి వెళ్లి అడిగాడు: "మీ అక్క గీత ఉందా, లేదా?" ఉందన్నాడు మామయ్య. ఆయనకి తెలిసింది అదే. "మెకానిక్ గుర్తు పెట్టింది కాబట్టే బండి తీశాను" అని రాయించి సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం తెచ్చి పిన్నికి చూపించారు. "నీ తమ్ముడే నీ మీద చెప్పాడు. ఇక నీ ఇష్టం. 'నా గుర్తు లేకుండా డ్రైవరు బండి తీశాడు, అతివేగంగా నడిపాడు' అని నువ్వు రాసిస్తే నీ ఉద్యోగం నీకుంటుంది. లేదంటే కేసు." అతివేగం! నిదానం మీద!

అక్కకి తమ్ముడి కాగితం. తమ్ముడికి అక్క మౌనం. రెండు నెలలు పిన్ని ఆసుపత్రికి వెళ్లలేదు. ఇంట్లో వంట చేసి, డబ్బా నా చేతికిచ్చి, "వాడికి కారం తక్కువేశానని చెప్పు" అనేది. అక్కడ మామయ్య డబ్బా తెరిచి, "గీత గీసేముందు కర్ర చూసిందా అని అడగవే దాన్ని" అనేవాడు. మధ్యలో నేను, చూసింది చెప్పే ధైర్యం లేక.

మొన్న షెడ్డు నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డాను. ప్రారంభోత్సవం ఫోటో ఇంకా అక్కడే ఉంది, అద్దం వెనక, రంగుల్లో, పెద్దది. ఇంచార్జి జెండా పట్టుకుని ట్రైలరు ముక్కు పక్కనే నవ్వుతున్నాడు. పిన్ని తుడిచేసిన గీత ఆ ముక్కు మీద మళ్లీ కనబడింది. అద్దం తీసి ఫోటో ఊడబీక్కున్నాను. ఇంటికెళ్లి, "పిన్నీ, చెప్పులేసుకో" అన్నాను.

వార్డులో మామయ్య గోడవైపు చూస్తూ పడుకున్నాడు. పిన్ని ఆయన కాళ్ల దగ్గర నిలబడింది. ఆ కాళ్లు ఎవరైనా పట్టుకున్నా ఆయనకి తెలియదు.

"వచ్చావా అక్కా. బతికున్నానో లేదో చూసుకుందామనా?"

"నోరు ముయ్యరా. నేను గీత పెట్టలేదు."

"నా కళ్లతో చూశాను."

"తుడిచేశాన్రా! ఇదిగో, ఈ గుడ్డతోనే తుడిచాను."

"మరి ఎవరు పెట్టారు, దెయ్యమా?"

నేను ఫోటో ఆయన గుండెల మీద పెట్టాను. ఇంచార్జి వంగడం, వేళ్లు తుడుచుకోవడం చెప్పాను. ఇన్నాళ్లూ చెప్పనందుకు మొట్టికాయ కోసం తల వంచి నిలబడ్డాను. ఎవరూ కొట్టలేదు. మామయ్య ఫోటోని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

గీత ఉంది. తెల్లగా, తిన్నగా, అందంగా ఉంది. మొత్తం ముక్కు మీదే ఉంది. కొండిని తాకనైనా తాకలేదు. ఆ గీత ఎందుకు గీస్తారో ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా అడిగినవాడైతే అలా గీయడు. దాన్ని అలంకారం అనుకున్నాడు.

మామయ్య నవ్వాడు. ఆ నవ్వు వినకపోతే బాగుండేది.

"ఇదా! దీన్ని చూసి బండి తీశానా నేను? చిన్నపిల్లాడు గోడ మీద గీసినట్టుంది. అక్కా, నీ గీత అనుకుని ఆగి చూడలేదే. తెల్లగా కనబడితే చాలనుకున్నాను. అంత నమ్మకం పెట్టుకోకుండా ఉండాల్సింది నీ మీద."

పిన్ని మంచం మీద కూర్చుంది. ఆయన కాళ్లు ఒళ్లోకి తీసుకుని ఒత్తడం మొదలుపెట్టింది.

"తెలియట్లేదే అక్కా."

"నాకు తెలుస్తోంది. నువ్వు ఊరుకో."

ఇది శుక్రవారం సంగతి. సోమవారం లోపు పిన్ని ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. అదే సోమవారం పొద్దున ట్రైలరుని ముక్కలు కోయడానికి గ్యాస్ కట్టరు తెప్పిస్తున్నారు. ఎందుకంత తొందర? పిన్ని బిగించిన బోల్టుల్లో ఒక్కటీ ఊడలేదు. గొలుసు తెగలేదు. బంతి కప్పులోనే ఉంది. ఆ ముక్కు నిలిచి ఉంటే అది సాక్ష్యం చెబుతుంది కాబట్టి.

పిన్ని సంతకం పెట్టదు. నిన్న రాత్రి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న వంటింటి బల్ల కాలి కింద పెట్టింది. బల్ల ఇప్పుడు ఊగట్లేదు. ఆ కాగితానికి అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ఇక మీరు చేయాల్సింది వినండి. కట్టరు వెనక్కి పంపండి. ట్రైలరు ముక్కుని, కొండిని, హుక్కుని ఉన్నవి ఉన్నట్టు మా అందరి ముందూ తాళం వేయండి, ఒక తాళంచెవి మా దగ్గర ఉండాలి. "అతివేగం" అన్న మాట మామయ్య కాగితాల్లోంచి కొట్టేయండి. ఇంచార్జిని ఆ మంచం దగ్గరికి పంపండి, సుద్దముక్క చేతికిచ్చి. గీత ఎక్కడ గీయాలో మామయ్య చూపిస్తాడు. క్వారీ కాలనీకి వేరే ఎక్స్‌రే బండి పంపండి, రాయి లేకుండా. అక్కడివాళ్లు ఇంకా దగ్గుతూనే ఉన్నారు.

షెడ్డువాళ్లం పద్దెనిమిది మందిమి మాట్లాడుకున్నాం. సోమవారం పొద్దున ఏ బండి మీదా గీత పడదు. గీత లేకుండా ఏ బండీ కదలదు. కావాలంటే మీరే గీసుకుని, మీరే ఎక్కి నడుపుకోండి.

వీటన్నిటికన్నా ముందు ఒక పని. సోమవారం పది గంటలకి ఆ రాయిని గుమ్మం దగ్గర నుంచి పెకలించండి. క్వారీ కాటా దగ్గరికి తీసుకెళ్లండి. పదహారు మందీ రండి. మేమూ వస్తాం, పిన్ని తన కర్రతో వస్తుంది, మామయ్యని మంచంతో సహా తీసుకొస్తాం. రాయిని కాటా మీద పెట్టండి. ఎంత తూగిందో ఆ అంకె మీలో ఒకడు, మామయ్యకి వినబడేలా, గట్టిగా చదవండి.